అగ్గిపెట్టె, బీరువా, ఒక అపరాధ పరిశోధన

‘నేరం ఎంత పకడ్బందీగా జరిగినా, నేరస్థుడు ఎంతటి ఘరానా మనిషైనా, నా చూపుడువేలు ఒక్కసారి పైకి లేచిందంటే అది అసలు దోషి గుండెల మీదకే గురిపెడుతుంది!’

ఈ వాక్యం నేనే రాసి నా విజిటింగు కార్డు మీద బంగారు రంగులో అచ్చు వేయించాను. వంద కార్డులు పంచాను. ఆరు నెలలైనా ఒక్క కేసు రాలేదు. ఊళ్ళో నేరాలు తగ్గిపోయాయని, అది నా పేరు విన్న ప్రభావమేనని మురిసిపోతుండగా, ఆ కార్డు మీద నా పేరు గానీ ఫోన్ నెంబరు గానీ లేవని మా ఆవిడ కనిపెట్టింది.

డిటెక్టివ్ పని నా ప్రవృత్తి. పొట్ట పోసుకునే వృత్తి వేరే ఉంది. ఒక కార్ల మాసపత్రికలో ‘ఏది మేలు?’ అనే శీర్షిక రాస్తాను. రెండు కార్లను పక్కపక్కన పెట్టి, ఇది ఇందుకు గొప్ప, అది అందుకు దండగ అని తేల్చి, నక్షత్రాలు వేస్తాను. పన్నెండేళ్ళుగా ఎన్నో కార్ల జాతకాలు రాశాను. వాటిలో ఒక్కటీ నడపలేదు. నాకు కారు నడపడం రాదు. లైసెన్సు పరీక్షకు మూడుసార్లు వెళ్ళాను. మూడోసారి ఆ అధికారి బండి ఎక్కకుండానే, “నడక ఆరోగ్యానికి చాలా మంచిది సార్” అని నా చెయ్యి ఆప్యాయంగా నొక్కి పంపేశాడు.

మా కాపురం మామగారి ఇంట్లో, నాలుగో అంతస్తులో. మామగారు రైలింజను డ్రైవరుగా రిటైరయ్యారు. జీవితమంతా పట్టాల మీద నడిచిన మనిషి కావడం వల్ల పక్కకి తప్పుకోవడం ఆయనకు అలవాటు లేదు. ఆ పని ఇంట్లో నేను చేస్తాను. పెళ్ళై నాలుగేళ్ళైనా నన్ను ‘మీరు’ అనే అంటారు. ‘అల్లుడుగారూ’ అని ఆయన పిలిచినప్పుడు అందులో గౌరవం తక్కువ, నిట్టూర్పు ఎక్కువ వినిపిస్తుంది.

ఇక అసలు కథలోకి వస్తే, మా ఇంట్లో మనుషులం ముగ్గురం, కార్లు రెండు.

మొదటిది మామగారి పాత స్పోర్ట్స్ కూపే. ఎర్రది, రెండే తలుపులు, నేలకు జానెడు ఎత్తు. వెనక సీటు ఉంది గానీ, అందులో కూర్చోవాలంటే మోకాళ్ళు ఇంట్లో వదిలి రావాలి. అత్తయ్యగారు ఉన్న రోజుల్లో, నలభై ఏళ్ళ కిందట కొన్నారట. రెండోది మా ఆవిడ పోయినేడు కొన్న ఎస్‌యూవీ. ఏడు సీట్లు. డ్రైవరు ముందు నల్లబల్లంత తెర. తలుపు తీస్తే పలకరిస్తుంది, తియ్యకపోతే అలుగుతుంది. మా ఆవిడ కాలేజీలో లెక్కలు చెబుతుంది. కాలేజీ సందులో ఆ బండి పట్టదు కాబట్టి రోజూ కాలేజీ బస్సులోనే వెళ్తుంది.

మామగారు ఎస్‌యూవీని ‘బీరువా’ అంటారు. మా ఆవిడ కూపేని ‘అగ్గిపెట్టె’ అంటుంది. వీళ్ళిద్దరూ తండ్రీకూతుళ్ళు. మొండితనంలో మాత్రం కవలలు.

ఇలా ఉండగా అపార్టుమెంటు సెక్రటరీ సెల్లారులో నోటీసు అంటించాడు. వచ్చే నెల నుంచి ఒక్కో కాపురానికి ఒక్కటే పార్కింగు గడి. ఏ కారు ఉంచుకుంటారో ఆదివారం పదిన్నరకల్లా వచ్చి నెంబరు రాయించాలి. రెండో కారు సెల్లారులో కనిపిస్తే గొలుసు పడుతుంది. బయట వీధిలో సైకిలు నిలబెట్టడానికి కూడా చోటు లేదు. అంటే, రెండిట్లో ఒకటి అమ్మక తప్పదు.

“అగ్గిపెట్టెనే అమ్మాలి,” అంది మా ఆవిడ అన్నం దగ్గర. “ఎయిర్ బ్యాగుల్లేవు, ఏసీ లేదు. స్టీరింగు తిప్పాలంటే వ్యాయామశాలకి వెళ్ళొచ్చి కూర్చోవాలి.”

“అది కారమ్మా! రోడ్డుని తాకుతూ పోతుంది. నీ బీరువాకి రోడ్డెక్కడుందో తెలీదు. కంప్యూటర్ని అడగాలి,” అన్నారు మామగారు.

“వెనక సీట్లో మనిషి పట్టడు.”

“నువ్వు పట్టావుగా పన్నెండేళ్ళు.”

“అప్పుడు నేను మనిషంత లేను నాన్నా!”

చివరికి ఇద్దరూ నా వైపు తిరిగారు. కార్లను పోల్చడం నా వృత్తి కదా. నేను గొంతు సవరించుకుని, “దేని మేలు దానిదే,” అన్నాను. ఆ పూట నాకు పెరుగు ఎవరూ వడ్డించలేదు.

మా ఆవిడ అంతటితో ఆగలేదు. పాత కార్లు సేకరించే ఒకాయన్ని వెతికి పట్టుకుని, ఆదివారం పదకొండు గంటలకు కూపే చూడ్డానికి రమ్మంది. మామగారు అన్నం మధ్యలో లేచి చెయ్యి కడుక్కున్నారు. ఆ మనిషి అన్నం వదిలెయ్యడం నేను చూడ్డం అదే మొదలు. నాకు నిజంగా మనసు చివుక్కుమంది.

మంగళవారం పొద్దున్న మామగారు సెల్లారు నుంచి రొప్పుతూ వచ్చారు. చేతిలో నోటు పుస్తకం ఉంది. ఇంజను దిగగానే మీటరు చూసి రాసుకోవడం ఆయనకు ఉద్యోగంలో పట్టుబడిన అలవాటు. కూపే దిగినా అదే పని. తేదీ, కిలోమీటర్లు, కింద సంతకం.

“నా కారు ఎవరో నడుపుతున్నారు!” అన్నారు. “రెండు వందల పద్నాలుగు కిలోమీటర్లు తేడా ఉంది. చోక్ సగం లాగి వదిలేశారు. సీటు రెండు పళ్ళు ముందుకి జరిగింది!”

నేను కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టి నెమ్మదిగా లేచాను. ఇలాంటి క్షణం కోసమే కొనుక్కున్న భూతద్దం జేబులోంచి తీశాను.

“మామయ్యగారూ, మీరు నిశ్చింతగా ఉండండి. ఈ కేసు నేను తీసుకుంటున్నాను.”

“మీరా?” అన్నారు మామగారు. ఆ ఒక్క మాటకే దీర్ఘం అరనిమిషం సాగింది.

నోటు పుస్తకం పరిశీలించగానే మొదటి ఆధారం దొరికింది. ఆఖరిసారి రాసిన తేదీకి రెండు నెలలైంది. “ఆహా! మధ్యలో రెండు నెలల పేజీలు చించేశారు!” అని అరిచాను.

“పేజీల నెంబర్లు వరసగానే ఉన్నాయి కదండీ,” అంది మా ఆవిడ తొంగి చూసి.

“నెంబర్లు కూడా చెడకుండా చించారంటే, వీళ్ళు మామూలు దొంగలు కాదు.”

మామగారు ఎందుకో నోటు పుస్తకం గబుక్కున లాక్కుని మూసేశారు. రెండు నెలలుగా ఆయన ఆ కారు నడపలేదన్న చిన్న సంగతి నా బుర్రకు తట్టలేదు. పెద్ద బుర్రలకు చిన్న సంగతులు తట్టవు.

అదే రోజు సెల్లారులో సాక్షుల విచారణ మొదలుపెట్టాను. సాక్షులంటే రెండు కార్లే. ముందు కూపేలో దూరాను. దూరడం తేలికే. వంగి, కూలబడి, కాళ్ళు లోపలికి లాక్కుంటే సరి. లోపల పెట్రోలు వాసన, పాత తోలు వాసన. గుండ్రటి మీటర్లు గోడ గడియారాల్లా ఉన్నాయి. ఎన్ని ప్రశ్నలు వేసినా ఒక్కటీ నోరు విప్పలేదు. పాతకాలపు మనిషి. చావనైనా చస్తుంది గానీ రహస్యం బయట పెట్టదు. సీటు కింద మాత్రం ఒక జుట్టు క్లిప్పు దొరికింది. నీలం రంగుది, పూసలున్నది.

బయటికి రావడమే కుదరలేదు. కాళ్ళు ముందు పెడితే నడుము రాదు, నడుము లేపితే తల తగులుతుంది. చివరికి తలుపులోంచి నేల మీదకు దొర్లి, నాలుగు కాళ్ళ మీద బయటపడ్డాను. అటుగా పోతున్న సెక్రటరీ ఆగి చూశాడు. “ఏదైనా పారేసుకున్నారా?” అన్నాడు. “లేదు, వెతికి పట్టుకుంటున్నాను,” అన్నాను గంభీరంగా, మోకాళ్ళు దులుపుకుంటూ.

సాయంత్రం ఆ క్లిప్పు మా ఆవిడ చేతిలో పెట్టి మందలించాను. “నీ వస్తువులు ఎక్కడపడితే అక్కడ పడేస్తావేం? ఇది కూపే సీటు కింద దొరికింది. దొంగ దీన్ని చూసి ఉంటే?”

మా ఆవిడ నా మొహంలోకి కాసేపు చూసింది. ఆ చూపులో ఉన్నది అభిమానమే అనుకున్నాను. “ఈ క్లిప్పు సంగతీ, సీటు ముందుకి జరిగిన సంగతీ నాన్న దగ్గర మళ్ళీ ఎత్తకండి. ఆయనకి బీపీ,” అంది. ఎంత సున్నితమైన మనసు!

బుధవారం రెండో సాక్షి. ఎస్‌యూవీలోకి మెట్టెక్కి రాజాలా కూర్చున్నాను. కూపే ఎంత మూగదో ఇది అంత వాగుడుకాయ. అడగని సంగతులు కూడా చెప్పింది. టైర్లలో గాలి ఎంతుందో, బయట ఎండ ఎంతుందో, చివరిసారి ఎవరు తలుపు గట్టిగా వేశారో. పోలీసులు పట్టుకోకముందే అప్రూవరుగా మారిపోయే రకం. తెర మీద నొక్కుకుంటూ పోతే డ్రైవర్ల జాబితా వచ్చింది.

డ్రైవరు ఒకటి, మా ఆవిడ. డ్రైవరు రెండు, నేను. నా పేరు కింద నడిపిన దూరం సున్నా అని తెలుపు మీద నలుపుగా ఉంది. డ్రైవరు మూడు దగ్గరకొచ్చేసరికి నా వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి.

డ్రైవరు మూడు పేరు ‘యువరాజు’!

సీటు బాగా వెనక్కి, ఎత్తు కాస్త ఎక్కువ. రోజూ మధ్యాహ్నం మూడు నుంచి నాలుగు వరకు ప్రయాణం. పాత పాటలు, గట్టి సౌండు. సరిగ్గా ఆ సమయంలోనే మామగారు లైబ్రరీకి వెళ్తారు. రెండు నెలలుగా రోజూ వెళ్తున్నా ఒక్క పుస్తకమైనా ఇంటికి తేలేదు. మంచి పుస్తకాలు అక్కడ దొరకడం లేదేమోనని నేను జాలి పడేవాణ్ణి. ఆయన అటు వెళ్ళగానే ఈ యువరాజు సెల్లారులో దూరుతున్నాడన్నమాట!

కేసు నా కళ్ళ ముందు విచ్చుకుంది. ఇది కార్లు ఎత్తుకుపోయే భయంకర ముఠా. ఒకడు పొట్టి, కూపే వాడి వంతు. ఒకడు పొడుగు, వాడే నాయకుడు, మారుపేరు యువరాజు. ఎత్తుకుపోయే ముందు రెండు బండ్లనూ నడిపి చూసి, ఏది మేలో తేల్చుకుంటున్నారు. అంటే నా శీర్షిక నా కన్నా శ్రద్ధగా నడుపుతున్నారన్నమాట.

మామగారిని పక్క గదిలోకి తీసుకెళ్ళి చెవిలో చెప్పాను. “మామయ్యగారూ, యువరాజు అనే పేరు ఎప్పుడైనా విన్నారా?”

ఆయనకు పొలమారింది. దగ్గి దగ్గి కళ్ళు తుడుచుకున్నారు. “ఆ... ఆ పేరు అమ్మాయి దగ్గర మాత్రం ఎత్తకండి అల్లుడుగారూ. ఆడపిల్ల, భయపడుతుంది.”

నాలుగేళ్ళలో మొదటిసారి ఆయన నన్ను బతిమాలారు. నేను ఛాతీ విరుచుకుని గదిలోంచి బయటికొచ్చి, తలుపు గడపకు తట్టుకున్నాను.

గురువారం కూపే బాగుచేసే మేస్త్రీ షెడ్డుకు వెళ్ళాను. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని వెళ్ళినా, “రండి సార్, పెద్దాయన అల్లుడు కదా మీరు?” అన్నాడు బండి కిందనుంచే. నా చెప్పులు చూసి గుర్తుపట్టాడట.

“ఈ మధ్య పెద్దాయన వచ్చారా?” అన్నాను యథాలాపంగా, బానెట్టు మీద చెయ్యి ఆనించి. అది అప్పుడే వచ్చి ఆగిన బండి. చెయ్యి కాలింది.

“రెండు నెలలైంది సార్. ఆ క్లచ్ ఎంత గట్టిదో తెల్సుగా మీకు?”

“తెలుసు,” అన్నాను. నాకు తెలీదు.

“అలాంటి క్లచ్ తొక్కాలంటే మోకాళ్ళు బావుండాలి. అయినా బండికేం ఢోకా లేదు. మొన్న మీ వీధిలో దాని చప్పుడు విన్నా. ఎవరు నడుపుతున్నారో గానీ బంగారం లాంటి చెయ్యి సార్. గేరు మారినట్టే తెలీదు.”

దొంగను మెచ్చుకునేవాడు దొంగకు సాయం చేసేవాడే. మేస్త్రీ పేరు కూడా ముఠాలో చేర్చుకుని ఇంటికొచ్చి, కాలిన చేతికి వెన్న రాసుకున్నాను.

రెండు రోజులు కార్లలో పొట్టివాడూ దొరకలేదు, పొడుగువాడూ దొరకలేదు. ఇంట్లో మాత్రం మాటలు తగ్గిపోయాయి. శనివారం మామగారు కూపే తాళం చేతిలో పట్టుకుని చాలాసేపు కిటికీ దగ్గర నిలబడ్డారు. మా ఆవిడ వంటింట్లో గిన్నెలు రెండోసారి తోమింది. ఆదివారం పదిన్నర దగ్గర పడుతోంది. దొంగల్ని పట్టుకుంటే కూపే నిలుస్తుందని కాదు. కనీసం ఆ మనిషి దాన్ని చివరిసారి దొంగలు ముట్టని కారుగా చూసుకుంటాడని నా ఆశ. చేతనైన సాయం అదొక్కటే కనిపించింది.

అందుకే ఆదివారం తెల్లవారుతుండగా కాపు కాశాను. కూపే మీద కన్నేసి ఉంచాలంటే దానికి ఎదురుగా ఉన్న ఎస్‌యూవీని మించిన చోటు లేదు. వెనక సీటు పడుకోబెట్టి, దుప్పటి కప్పుకుని, అద్దంలోంచి చూస్తూ పడుకున్నాను. పాత కూపేకీ కొత్త ఎస్‌యూవీకీ అసలైన తేడా నాకు అప్పుడే అర్థమైంది. ఎస్‌యూవీలో నిద్ర బాగా పడుతుంది.

మెలకువ వచ్చేసరికి బండి కదులుతోంది.

“స్వాగతం, యువరాజా!” అంటోంది ఎస్‌యూవీ తియ్యగా. “సీటు బెల్టు పెట్టుకోండి.”

ముఠా నాయకుడు! నా చేతికి రెండు మూరల దూరంలో! దుప్పటి అంచు కొంచెం ఎత్తి చూశాను. వెనకనుంచి బట్టతల, దాని చుట్టూ తెల్లని అర్ధచంద్రం. ఆ తలను నేను రోజూ భోజనాల బల్ల దగ్గర చూస్తూనే ఉన్నాను.

“మామయ్యగారూ!”

“దొంగ!” అని మామగారు కెవ్వుమన్నారు. బండి ఒక పక్కకు ఊగి, “మీ వరుస తప్పుతున్నారు,” అని తానే సర్దుకుంది. మామగారు అద్దంలో నన్ను గుర్తుపట్టి గుండె మీద చెయ్యి వేసుకున్నారు. “మీరేంటండీ ఇక్కడ?”

“దొంగ కోసం కాపు కాస్తున్నాను.”

“కాసి ఏం లాభం? కూపే పోయింది! చివరిసారి తుడుద్దామని దిగొస్తే గడి ఖాళీగా ఉంది. ఇప్పుడే గేటు దాటిందని వాచ్‌మన్ చెప్పాడు. పట్టుకోండి గట్టిగా!”

మామగారు బండిని దూకించారు. ఎడం చేత్తో ఒక మీట, బొటనవేలితో ఇంకో మీట, చూడకుండానే నొక్కుతున్నారు. వైపర్లు కూడా ఎక్కడున్నాయో వెతుక్కోలేదు. వారం రోజులుగా ‘బీరువా’ అని తిట్టిన మనిషికి దాని అరలన్నీ ఎలా తెలుసునని నా డిటెక్టివ్ బుర్ర అడిగింది. జవాబు నాకు తెలిసిపోయింది. జీవితంలో మొదటిసారి నేను ఒక నేరస్థుణ్ణి ఎవరి సాయం లేకుండా పట్టుకున్నాను. అది కూడా ఆయన నడిపే బండిలో పడుకుని.

“మధ్యాహ్నం లైబ్రరీ అంటే...”

“నోరు మూసుకుని ముందు చూడండి!”

ముందు, ఎర్రగా, కూపే! ఆదివారం పొద్దున్న ఖాళీ రోడ్డు మీద మలుపు తిరిగింది. ఎంత ముద్దుగా తిరిగిందంటే ఆ కోపంలో కూడా మామగారు “అబ్బ!” అన్నారు. కూడలిలో ఎర్రలైటు పడింది. కూపే ఆగింది. పచ్చ పడింది. కూపే కదల్లేదు. ఒకసారి తుమ్మి, నీలిపొగ వదిలి, ఆగిపోయింది. మామగారు బ్రేకు తొక్కడం ఆలస్యమైంది. కానీ బండి ఆలస్యం చెయ్యలేదు. తానే కిర్రుమని ఆగి, కూపే వెనక బంపరుకు బెత్తెడు దూరంలో నిలబడి, “దయచేసి జాగ్రత్తగా నడపండి యువరాజా,” అంది.

మామగారు పక్క సీట్లోని గొడుగు ఎత్తి పట్టుకుని దిగారు. “దిగరా దొంగ వెధవా!”

కూపే తలుపు తెరుచుకుంది. ముందు ఒక వాకింగు బూటు బయటికొచ్చింది. తర్వాత నీలం పూసల క్లిప్పు. తర్వాత మా ఆవిడ.

రోజూ పొద్దున్నే గంటన్నర నడిచి కూడా ఒక్క చెమట చుక్క లేకుండా ఇంటికి వచ్చే నా భార్య ఆరోగ్యాన్ని చూసి నేనెంత గర్వపడేవాణ్ణో మీకు చెప్పలేదు. చెప్పకపోవడమే మంచిదైంది.

ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. మొదట తేరుకున్నది తనే. “నాన్నా, నువ్వు బీరువా నడుపుతున్నావా?”

“నువ్వు నా కారు... అమ్మాల్సిందే అన్నదానివి... దొంగతనంగా...”

“ఒక్కసారి నడిపి చూసి వదిలేద్దామనుకున్నా నాన్నా. నీ పక్కన అమ్మ కూర్చునేది, నేను వెనక అడ్డంగా పడుకునేదాన్ని. నువ్వు గేరు మార్చినప్పుడల్లా ఆ చప్పుడుకి నిద్దరొచ్చేది. ఆ చప్పుడు నా చేత్తో ఒక్కసారి చెయ్యాలనిపించింది. ఆ తర్వాత మానలేకపోయా. అది నడిపితే నేను నడుపుతున్నట్టుంటుంది. నా బండిలో నేనూ ఒక ప్యాసింజర్నే.”

“మరి అమ్మాలని ఎందుకు పట్టుబట్టావే!”

మా ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. “రెండు నెలల కిందట నువ్వు దాంట్లోంచి దిగడం చూశా. తలుపు పట్టుకుని, మోకాలు నొక్కుకుంటూ, ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూశావు. నడపొద్దంటే నువ్వు వింటావా? అమ్మేస్తే తప్ప నువ్వు ఆగవనుకున్నా.”

మామగారు గొడుగు దించారు. “అప్పట్నుంచీ నేను దాన్ని నడపలేదమ్మా. క్లచ్ మీద కాలు నిలవట్లేదు. ఈ బీరువాలో క్లచ్చే లేదు. కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుంటే చాలు, వెనక ఏముందో అదే చూపిస్తుంది, మెడ తిప్పక్కర్లేదు. ఇది బాగుందని ఒప్పుకుంటే నువ్వు అది అమ్మేస్తావని, రోజూ దీన్ని తిడుతూ వచ్చా.”

వెనక నాలుగు బండ్లు చేరి హారన్లు కొడుతున్నాయి. తండ్రీకూతుళ్ళకు వినిపించడం లేదు. నాకూ కళ్ళు చెమర్చాయి. కేసు తేలిపోయింది, ఇక ఇంట్లో శాంతి అనుకున్నాను.

“అయితే ఎస్‌యూవీనే అమ్మేద్దాం,” అంది మా ఆవిడ.

“నాకోసం నీ కారు అమ్ముకుంటావా? కుదరదు. కూపేనే అమ్మాలి!”

“అమ్మ కూర్చున్న కారు నాన్నా అది! ముట్టుకుంటే ఊరుకోను!”

“నీ కష్టార్జితం అది! దాని జోలికొస్తే నేనూరుకోను!”

వారమంతా జరిగిన పోట్లాటే, పక్షాలు మాత్రం తారుమారయ్యాయి. అదే గొంతులతో, అదే మొండితనంతో, ఇంటికి చేరేదాకా జరిగింది. తను మళ్ళీ స్టార్టు చేసిన కూపేలోంచి, ఆయన ఎస్‌యూవీలోంచి, అద్దాలు దించుకుని అరుచుకుంటూ వచ్చారు. నేను మధ్యలో దుప్పటి మడతపెట్టుకుంటూ కూర్చున్నాను.

పదిన్నరకు లిఫ్టు పక్కన ఉన్న సెక్రటరీ గదిలో ముగ్గురం నిలబడ్డాం. సెక్రటరీ రిజిస్టరు తెరిచి పెన్ను పట్టుకున్నాడు.

“ఏ నెంబరు రాయమంటారు?”

“ఎస్‌యూవీది,” అన్నారు మామగారు.

“కూపేది,” అంది మా ఆవిడ.

ఇలా ఏడెనిమిది సార్లు జరిగింది. సెక్రటరీ పెన్ను బల్ల మీద పడేశాడు. “ఎందుకండీ ఈ రభస? కాపురానికొక గడి అని నోటీసులో రాశాను కదా! మీ ఫ్లాటుకి రెండు గళ్ళున్నాయి. ఓనరుది ఒకటి, అద్దెకుండే వారిది ఒకటి. ఆయనకి కారుంటే రాయించుకోండి, లేదంటే కొట్టేస్తాను.”

“అద్దెకుండే వారెవరు?” అన్నారు మామగారు.

సెక్రటరీ పెన్నుతో నన్ను చూపించాడు.

“ఈయనే. నాలుగేళ్ళుగా మీ ముందుగదిలో ఉంటున్నారుగా? మెట్ల మీద మీరు ఎదురైతే గోడకి అంటుకుని దారిస్తారు. మొన్న మీ కారులోంచి పాక్కుంటూ బయటికొచ్చారు, తుడుస్తున్నారేమో పాపం. ఓనర్లంటే అంత భయపడే టెనెంటు నా బిల్డింగులో ఇంకొకరు లేరండీ.”

లోకంలో ఎక్కడ ఏ రహస్యం ఉన్నా వాసన పట్టేస్తానని కార్డులు పంచినవాణ్ణి నేను. నాలుగేళ్ళుగా బిల్డింగంతా నన్ను అద్దెకున్నవాడే అనుకుంటున్న సంగతి నాకు మాత్రం తెలియలేదు.

మా ఆవిడ మొహం ఎర్రబడింది. “ఏమనుకుంటున్నారు మీరు? ఈయన నా...”

నేను తన చెయ్యి నొక్కాను. బల్ల మీద రిజిస్టరు తెరిచే ఉంది. రెండు ఖాళీ గళ్ళు కనిపిస్తున్నాయి. నా పరువు విలువ ఎంతో నాకు ఎప్పుడూ సరిగ్గా తెలీదు గానీ, ఆ కూపే కన్నా ఎక్కువ మాత్రం కాదు.

“అవునండీ,” అన్నాను సెక్రటరీతో. “నేను అద్దెకే ఉంటున్నాను.”

మామగారు నా వైపు తిరిగి చూశారు. నాలుగేళ్ళలో ఆయన నన్ను అంతసేపు చూడలేదు.

“అయితే మీ కారు నెంబరు?” అన్నాడు సెక్రటరీ.

నేను జేబులు తడుముకున్నాను. నెంబరు నాకు గుర్తులేదు. వారం రోజులు ఆ కారు చుట్టూ భూతద్దం పట్టుకుని తిరిగినవాణ్ణి.

“నేను చెబుతాను, రాయండి,” అన్నారు మామగారు. నలభై ఏళ్ళుగా ఆ కారును ఎవరి చేతా ముట్టనివ్వని మనిషి, కూపే నెంబరు ఒక్కో అంకే మెల్లగా చెప్పారు. “ఆ ఎర్ర కారు ఈయనదే.”

సెక్రటరీ రాసుకుని తలెత్తాడు. “ఒక మాట. ఈయన ఖాళీ చేస్తే గడి కూడా పోతుంది. ఎప్పుడు ఖాళీ చేస్తారో ముందే చెప్పాలి.”

మామగారు నా భుజం మీద చెయ్యి వేశారు.

“ఆ పేజీలో తేదీ ఏం రాయక్కర్లేదు,” అన్నారు. “నేను బతికున్నన్నాళ్ళూ ఈయన్ని ఖాళీ చెయ్యనివ్వను.”